పంపిన మెయిల్ ఎందుకు చేరడం లేదు? సొంత సర్వర్ నడిపే పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

సొంతంగా మెయిల్ సర్వర్ నడుపుతున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో చాలా వరకు ఒకే ఫిర్యాదుకు రకరకాల రూపాలు. మెయిల్ మన దగ్గర నుంచి వెళ్లినట్టే కనిపిస్తుంది, అవతలివారికి మాత్రం అందదు. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఎక్కువమంది పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్) వాడుతున్నామని రాశారు కనుక ఉదాహరణలన్నీ దానివే. ఎగ్జిమ్ వంటివి వాడేవారికి సెట్టింగుల పేర్లు మారతాయి తప్ప కారణాలు మారవు.

ప్రశ్న: అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ (పెట్టెలోని మెయిల్ చదువుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాను. ఎస్‌పీఎఫ్ రికార్డు (నా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో డీఎన్‌ఎస్ అనే డొమైన్ పేర్ల పట్టికలో చెప్పేది) చేర్చాను. అయినా కొందరికి మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడుతోంది, కొందరికి అసలు అందడం లేదు. ఎస్‌పీఎఫ్ రికార్డును రకరకాలుగా మార్చి చూసినా తేడా కనిపించలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఎస్‌పీఎఫ్‌ను కదపడం ఆపి, లాగ్ (సర్వర్ తన పనులను రాసుకునే ఫైలు) దగ్గర మొదలుపెట్టండి. (ఆ రికార్డును మళ్లీ మళ్లీ మార్చడం చాలామందికి ఉన్న అలవాటే, తేలిగ్గా చేతికందేది అదే కాబట్టి.) మీరు ఒకే వాక్యంలో చెప్పినవి నిజానికి రెండు వేర్వేరు సమస్యలు. అందకపోవడానికి కారణాన్ని అవతలి సర్వర్ దాదాపు ఎప్పుడూ మాటల్లోనే చెబుతుంది, ఆ మాటలు మీ లాగ్‌లో ఉంటాయి. స్పామ్‌లో పడటానికి కారణం మాత్రం మీ లాగ్‌లో ఉండదు. అందిన మెయిల్ హెడర్లలో (ఉత్తరం పైన ఉండే సాంకేతిక వివరాల్లో) వెతకాలి.

లాగ్‌లో ఒక్కో గ్రహీతకు ఒక్కో వరుస ఉంటుంది. అందులో ‘రిలే’ అన్నచోట మీ సర్వర్ ఏ యంత్రంతో మాట్లాడిందో, ‘స్టేటస్’ అన్నచోట ఏం జరిగిందో, చివరి బ్రాకెట్లలో అవతలి సర్వర్ అన్న మాట యథాతథంగా ఉంటాయి. స్టేటస్ ‘సెంట్’ అని ఉండి 250తో మొదలయ్యే జవాబు కనిపిస్తే, మెయిల్‌ను అవతలివారు స్వీకరించినట్టే. ఆ తర్వాత దాన్ని ఏ ఫోల్డర్‌లో వేశారన్నది పూర్తిగా వారి నిర్ణయం. ‘డిఫర్డ్’ అని ఉంటే జవాబు 4తో మొదలై ఉంటుంది, లేదా కనెక్షనే కుదిరి ఉండదు. మీ సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. ‘బౌన్స్‌డ్’ అంటే 5తో మొదలైన శాశ్వత తిరస్కారం. ఈ 4, 5 విభజన ఎస్‌ఎంటీపీలో (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో) 1982 నుంచి ఉన్నదే. మూడంకెల తర్వాత చుక్కలతో వచ్చే సంఖ్య ఇంకా కచ్చితంగా చెబుతుంది. 5.1.1 అంటే అటువంటి పెట్టె లేదని, 5.7.1 అంటే విధానపరమైన తిరస్కారమని, 5.7.25 అంటే రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరును వెతకడం) సరిపోలలేదని, 5.7.26 అంటే పంపినవారి ధ్రువీకరణ పరీక్షలు తప్పాయని అర్థం. ఈ సంఖ్యను చూడకుండా ఏ సెట్టింగు మార్చినా చీకట్లో రాయి వేయడమే.

ఇక గుర్తింపు సంగతి. మీ సర్వర్ కనెక్ట్ అయిన క్షణం నుంచి అవతలి యంత్రం అడిగేది ఒక్కటే, ‘నువ్వు చెప్పే పేరు నీదేనా?’ అని. ముందుగా మీ ఐపీ చిరునామాకు పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్ రికార్డు) ఉండాలి, అది చూపే పేరు తిరిగి అదే ఐపీకి రావాలి, హీలో పలకరింపులో మీ సర్వర్ చెప్పుకునే పేరు కూడా అదే అయితే మంచిది. చాలామంది పీటీఆర్‌ను తమ డొమైన్ డీఎన్‌ఎస్ ప్యానెల్‌లో వెతికి, దొరకలేదని వదిలేస్తారు. అది ఐపీ ఎవరిదో వారి చేతిలో ఉంటుంది, అంటే సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ ప్యానెల్‌లో పెట్టుకోవాలి, లేదా వారిని అడగాలి. హీలో పేరు పోస్ట్‌ఫిక్స్‌లో ‘మైహోస్ట్‌నేమ్’ నుంచి వస్తుంది. అక్కడ ‘లోకల్‌హోస్ట్’ అనో, సర్వర్ ఇచ్చినప్పుడు దానంతట అదే వచ్చిన అంకెల పేరో మిగిలిపోయిందేమో చూసుకోండి.

ఎస్‌పీఎఫ్ విషయంలో రెండే తప్పులు తరచుగా కనిపిస్తాయి. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే ఫలితం శాశ్వత దోషం, రెండూ చెల్లవు. ఒకే రికార్డు అయినా, దాన్ని విప్పడానికి పదికి మించి డీఎన్‌ఎస్ వెతుకులాటలు అవసరమైతే అప్పుడూ అంతే. ఒక ‘ఇన్‌క్లూడ్’ (వేరే డొమైన్ ఎస్‌పీఎఫ్‌ను కలుపుకొనే మాట) లోపల ఉన్న ఇన్‌క్లూడ్‌లూ ఆ లెక్కలోకే వస్తాయి. ఐపీ చిరునామాలు నేరుగా రాస్తే ఆ లెక్కలోకి రావు.

మీ వంటివారిని ఎక్కువగా దెబ్బతీసేది ఎస్‌పీఎఫ్ కాదు, డీమార్క్ (‘ఫ్రమ్’లోని డొమైన్ నిజమో కాదో తేల్చి, తప్పితే ఏం చేయాలో చెప్పే విధానం) అడిగే పొంతన. ప్రతి మెయిల్‌కూ కవరు మీది చిరునామా ఒకటి, లోపలి ఉత్తరంలో ‘ఫ్రమ్’ దగ్గర రాసుకున్న చిరునామా ఒకటి ఉంటాయి. ఎస్‌పీఎఫ్ పరీక్షించేది కవరు మీదిదాన్ని, గ్రహీతకు కనిపించేది లోపలిదాన్ని. ఎస్‌పీఎఫ్‌గానీ డీకిమ్‌గానీ (మెయిల్ మీద డొమైన్ పేరుతో పడే డిజిటల్ సంతకం) నెగ్గి, ఆ నెగ్గిన డొమైన్ ఫ్రమ్‌లోని డొమైన్‌తో పొంతన కుదిరితేనే డీమార్క్ నెగ్గినట్టు. ఉదాహరణకు మీ వెబ్‌సైట్ పంపే మెయిళ్లలో కవరు మీద వెబ్ సర్వర్ యూజర్ పేరు, యంత్రం పేరు కలిసిన చిరునామా ఉండిపోతుంది. ఆ యంత్రం పేరు మీ డొమైన్‌కు సబ్‌డొమైన్ అయితే పొంతన కుదరవచ్చు. కానీ ఎస్‌పీఎఫ్ రికార్డు సబ్‌డొమైన్‌కు వారసత్వంగా రాదు, దానికి విడిగా రాయాలి. ప్రధాన డొమైన్ రికార్డును ఎంత మార్చినా తేడా రాకపోవడానికి ఇలాంటిదే కారణం కావచ్చు. నిర్ధారించుకోవడం సులువే. జీమెయిల్‌లోని మీ సొంత ఖాతాకు ఒక మెయిల్ పంపి, ‘షో ఒరిజినల్’ తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఫలితాలూ పైనే కనిపిస్తాయి.

మూడూ నెగ్గినా స్పామ్‌లో పడుతుంటే మిగిలింది పరపతి. కొత్త డొమైన్‌కు, కొత్త ఐపీకి అది ఉండదు. అందుకున్నవారు ‘స్పామ్ కాదు’ అని గుర్తించడం, తిరిగి జవాబు రాయడం తోడ్పడతాయి. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఒకప్పుడు పరపతి వివరాలు దొరికేవి గానీ, రోజుకు కొద్దిపాటి మెయిళ్లు పంపే సర్వర్‌కు అక్కడ ఖాళీ పేజీ కనిపించడమే మామూలుగా ఉండేది.

ప్రశ్న: ఎవరికి పంపినా లాగ్‌లో ‘కనెక్షన్ టైమ్‌డ్ అవుట్’ అనే వస్తోంది. బయటి నుంచి మెయిల్ మాత్రం సజావుగా వస్తోంది.

జవాబు: సర్వర్ ఇచ్చిన సంస్థ బయటికి వెళ్లే 25వ పోర్టును మూసి ఉంటుంది. స్పామ్ భయంతో క్లౌడ్ సంస్థలు చాలావరకు ఇలా చేస్తాయి. అమెజాన్ కోరితే పరిశీలించి తెరుస్తుంది, గూగుల్ క్లౌడ్ సాధారణంగా తెరవదు. అదే సర్వర్ నుంచి ఏదైనా పెద్ద డొమైన్ ఎంఎక్స్ (మెయిల్ అందుకునే) యంత్రానికి 25వ పోర్టులో టెల్‌నెట్ చేసి చూడండి. అది కదలకుండా ఉండి, ఏదైనా వెబ్‌సైట్‌కు 443వ పోర్టు మాత్రం వెంటనే కలిస్తే అనుమానం తీరినట్టే. దీనికి 587ను ప్రత్యామ్నాయంగా వాడవచ్చా అని కొందరు అడిగారు. వాడలేరు. 587 అనేది యూజరు తన సొంత సర్వర్‌కు మెయిల్ అప్పగించే ద్వారం, సర్వర్ల మధ్య రాకపోకలు 25లోనే జరుగుతాయి.

ప్రశ్న: డీకిమ్ పెట్టాను. నా డొమైన్ నుంచి వెళ్లే కొన్ని మెయిళ్లు నెగ్గుతున్నాయి, కొన్ని తప్పుతున్నాయి. కీ ఒక్కటే, సర్వర్ ఒక్కటే. ఇలా ఎందుకు?

జవాబు: ‘కొన్ని మాత్రమే’ అని గమనించడంతోనే సగం పని అయింది. అన్నీ తప్పుతుంటే కీ మీద అనుమానపడాలి. కొన్నే తప్పుతుంటే, సంతకం పడిన తర్వాత ఆ మెయిళ్లను ఎవరో మారుస్తున్నారని అర్థం.

అందిన మెయిల్‌లోని ‘ఆథెంటికేషన్ రిజల్ట్స్’ హెడర్ చదవండి. ‘బాడీ హ్యాష్ డిడ్ నాట్ వెరిఫై’ అని ఉంటే, ఉత్తరం ఒంట్లోని పాఠం మారింది. ‘బ్యాడ్ సిగ్నేచర్’ అని ఉంటే ఏదో హెడర్ మారి ఉండాలి, లేదా డీఎన్‌ఎస్‌లోని పబ్లిక్ కీకి సర్వర్‌లోని ప్రైవేట్ కీతో సంబంధం లేకపోయి ఉండాలి. ‘నో కీ’ అని ఉంటే రికార్డే దొరకలేదు. ఈ చివరిదానికి ఒక హాస్యాస్పదమైన కారణం ఉంది. కొన్ని డీఎన్‌ఎస్ ప్యానెళ్లు మీరు రాసిన పేరు చివర డొమైన్‌ను తామే చేరుస్తాయి. మీరు పూర్తి పేరు రాస్తే డొమైన్ రెండుసార్లు పడి, ఎవరూ వెతకని చోట రికార్డు భద్రంగా కూర్చుంటుంది. ఇంకొకటి, కీని డీఎన్‌ఎస్‌లో ఉంచే టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో స్ట్రింగ్ 255 అక్షరాలకు మించకూడదు. 2048 బిట్ల కీ అంతకంటే పొడవు కనుక దాన్ని రెండు ముక్కలుగా, రెండింటినీ కొటేషన్ గుర్తుల్లో పెట్టి రాయాలి. ముక్కల మధ్య కీలోని ఒక్క అక్షరం జారిపోయినా కీ చెల్లదు.

మీ విషయంలో బాడీ హ్యాష్ దోషమే కనిపిస్తుందని నా ఊహ. అందుకు మూడు దారులున్నాయి. సంతకం పడ్డాక చివర ‘గోప్యత గమనిక’ వంటి వాక్యాలు అంటించే ఫిల్టర్ ఉంటే, వరుస క్రమం మార్చి, సంతకం చేసే మెట్టును అన్నిటికంటే చివర పెట్టండి. రెండోది, వెబ్ అప్లికేషన్లు హెచ్‌టీఎంఎల్ మొత్తాన్ని ఒకే పొడవైన వరుసగా పంపడం. పోస్ట్‌ఫిక్స్ 998 బైట్లు దాటిన వరుసను పంపేటప్పుడు విరుస్తుంది, అప్పటికే సంతకం పడి ఉంటే అది చెడుతుంది. మూడోది ఇంగ్లిష్ కాని లిపుల్లో రాసేవారికి ముఖ్యం. ఎనిమిది బిట్ల రూపంలో వెళ్లిన ఉత్తరాన్ని, ఆ సామర్థ్యం లేని సర్వర్‌కు అప్పగించాల్సి వస్తే దారిలో దాని ఎన్‌కోడింగ్ మారిపోతుంది. అందుకే సంతకానికి ముందే కోటెడ్ ప్రింటబుల్ లేదా బేస్64లోకి (మామూలు ఇంగ్లిష్ అక్షరాలతోనే రాసే రూపాల్లోకి) మార్చి పంపేలా అప్లికేషన్‌ను సరిచేయడం మేలు. ఇంగ్లిష్‌లో రాసినవి నెగ్గి, తెలుగులో రాసినవి తప్పుతుంటే మీకు జవాబు దొరికినట్టే.

అవతలివారు తమ మెయిల్‌ను వేరే పెట్టెకు ఫార్వర్డ్ చేసుకుంటే ఎస్‌పీఎఫ్ తప్పడం సహజం, ఎందుకంటే చివరి సర్వర్‌కు కనిపించే ఐపీ మీది కాదు. అప్పుడు డీమార్క్‌ను నిలబెట్టేది చెక్కుచెదరని డీకిమ్ ఒక్కటే. కనుక డీకిమ్ స్థిరపడి, డీమార్క్ నివేదికల్లో మీ మెయిళ్లన్నీ నెగ్గుతున్నట్టు కనిపించేంత వరకు విధానాన్ని ‘నన్’ (తప్పినా ఏమీ చేయవద్దు) దగ్గరే ఉంచండి. ‘రిజెక్ట్’కు (తప్పితే తిరస్కరించు) తొందరపడి వెళ్లినవారు తమ మెయిళ్లను తామే ఆపుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

ప్రశ్న: కొత్తవారికి రాసిన మొదటి మెయిల్ మాత్రమే ఆలస్యంగా అందుతోంది. లాగ్‌లో 450 అని ఉంటోంది.

జవాబు: అది గ్రేలిస్టింగ్, లోపం కాదు. తెలియని పంపకందారును ‘కాసేపాగి రా’ అని వెనక్కి పంపి, నిజమైన సర్వర్ అయితే తిరిగి వస్తుందని అవతలివారు చూస్తారు. పోస్ట్‌ఫిక్స్ డీఫాల్ట్‌గా కనీసం 300 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, క్రమంగా ఆ విరామాన్ని 4000 సెకన్ల దాకా పెంచుతుంది, అయిదు రోజుల తర్వాత వదిలేస్తుంది. ఈ అంకెలను తగ్గించవద్దు, పదేపదే తలుపు తట్టే సర్వర్ మీద అనుమానం పెరుగుతుంది.

ప్రశ్న: జీమెయిల్‌కు పంపినవి ఒకసారి వెళుతున్నాయి, ఒకసారి తిరస్కారమవుతున్నాయి. రివర్స్ డీఎన్‌ఎస్ సరిగానే పెట్టాను.

జవాబు: ఐపీవీ4కు పెట్టారు, ఐపీవీ6కు పెట్టి ఉండరు. లాగ్‌లో రిలే పక్కన ఉన్న చిరునామాను చూస్తే, తిరస్కారమైనవన్నీ ఐపీవీ6 దారిలో వెళ్లినవే అని తేలుతుంది. ఆ చిరునామాకు కూడా పీటీఆర్ పెట్టి, దాన్ని ఎస్‌పీఎఫ్‌లో చేర్చండి. సర్వర్ ఇచ్చినవారు ఐపీవీ6 పీటీఆర్ ఇవ్వకపోతే, పోస్ట్‌ఫిక్స్ ‘ఇనెట్ ప్రోటోకాల్స్’ సెట్టింగును ఐపీవీ4కు పరిమితం చేసి రీస్టార్ట్ చేయడమే సులువైన దారి.

ప్రశ్న: నిన్ననే తీసుకున్న ఐపీ. ఒక్క స్పామ్ కూడా పంపలేదు. అయినా స్పామ్‌హాస్ (అనుమానాస్పద ఐపీల జాబితాలు నడిపే సంస్థ) జాబితాలో ఉందంటున్నారు. ఎవరిని అడగాలి?

జవాబు: ఏ జాబితాలో ఉందో ముందు చూడండి. స్పామ్‌హాస్ జెన్ అనేది కొన్ని జాబితాల కలగలుపు, వెతికినప్పుడు వచ్చే సంఖ్యను బట్టి ఏదో తెలుస్తుంది. 127.0.0.10 లేదా 11 వస్తే అది పీబీఎల్, నేరారోపణ కాదు. ఆ ఐపీ శ్రేణి నుంచి నేరుగా మెయిల్ వెళ్లకూడదన్న విధానం మాత్రమే. స్థిరమైన ఐపీ మీద నిజంగా మెయిల్ సర్వర్ నడుపుతున్నట్టయితే వారి సైట్‌లో మీరే తొలగింపు కోరవచ్చు. 127.0.0.2 వస్తే ఎస్‌బీఎల్ (స్పామ్ మూలాల జాబితా), సంగతి గంభీరం. 3 వస్తే సీఎస్‌ఎస్ (పరపతి తక్కువైన పంపకందారుల జాబితా). 4 వస్తే ఎక్స్‌బీఎల్, ఆ ఐపీ వెనుక వైరస్ సోకిన యంత్రమో, ఇతరుల చేతికి చిక్కిన యంత్రమో ఉందని అర్థం. మీరు కొత్తగా తీసుకున్న ఐపీ కాబట్టి ఈ చెడ్డపేరు పాత అద్దెదారుదే కావచ్చు. అలాంటప్పుడు వాదించడం కంటే వేరే ఐపీ అడగడం తక్కువ శ్రమ.

పాత సర్వర్ ఉన్నట్టుండి జాబితాకెక్కితే మాత్రం తొలగింపు కోరే ముందు కారణం పట్టుకోండి, లేకుంటే మళ్లీ ఎక్కుతుంది, రెండోసారి తొలగింపు కష్టమవుతుంది. పోస్ట్‌క్యూ ఆదేశంతో క్యూ చూడండి, అందులో మీరెరుగని చిరునామాలు బారులు తీరి ఉంటే ఎవరిదో పాస్‌వర్డ్ బయటపడింది. లాగ్‌లో ‘సాస్ల్ యూజర్‌నేమ్’ అన్నచోట ఏ ఖాతా పేరు పదేపదే వస్తోందో అదే దొంగచేతిలో పడిన ఖాతా. ఖాతా పేరు లేకుండా లోపలి నుంచే మెయిళ్లు పుడుతుంటే వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారం మీద దృష్టి పెట్టండి. డబ్బు కడితే త్వరగా తొలగిస్తామనే జాబితాలు కూడా ఉన్నాయి. మీ బౌన్సుల్లో వాటి పేరు లేనంత వరకు వాటిని పట్టించుకోనక్కర్లేదన్నది నా అభిప్రాయం.

అవుట్‌లుక్, హాట్‌మెయిల్ చిరునామాల నుంచి ఎస్3140 అన్న గుర్తుతో తిరస్కారం వస్తే బయటి జాబితాలను వెతికి లాభం లేదు. అది మైక్రోసాఫ్ట్ సొంత జాబితా, మీ ఐపీ ఉన్న నెట్‌వర్క్ అందులో ఉందని దాని అర్థం. వారి సెండర్ సపోర్ట్ ఫారం నింపడమే మార్గం. మొదటి జవాబు యాంత్రికంగా ‘అర్హత లేదు’ అని వస్తే, మర్యాదగా మళ్లీ రాయండి.

ప్రశ్న: మాది తిరగబడ్డ సమస్య. మేం పంపినవి వెళుతున్నాయి, మాకు రావలసినవన్నీ మా సర్వరే స్పామ్‌హాస్ పేరు చెప్పి తిప్పికొడుతోంది. సర్వర్ డీఎన్‌ఎస్‌ను 8.8.8.8కు మార్చినప్పటి నుంచి ఇలా అయింది.

జవాబు: కారణాన్ని మీరే చెప్పేశారు. పబ్లిక్ రిజాల్వర్ల (8.8.8.8 వంటి, అందరూ వాడే డీఎన్‌ఎస్ సర్వర్ల) ద్వారా వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ అసలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అనే దోష సంకేతం పంపుతుంది. మీ సెట్టింగులో ‘ఏ జవాబు వచ్చినా నిరాకరించు’ అని ఉన్నందున, పోస్ట్‌ఫిక్స్ ఆ సంకేతాన్నే ‘ఈ ఐపీ జాబితాలో ఉంది’ అని అర్థం చేసుకుంటోంది. అదే యంత్రంలో అన్‌బౌండ్ వంటి సొంత రిజాల్వర్ పెట్టుకోండి, దాన్ని వేరే రిజాల్వర్‌కు ఫార్వర్డ్ చేయకుండా వదలండి. జాబితా పేరు పక్కన 127.0.0.2 నుంచి 11 వరకు వచ్చిన జవాబులకే నిరాకరించాలని కూడా రాయండి. తిప్పికొట్టిన మెయిళ్లు మీ దగ్గర ఉండవు, పంపినవారే మళ్లీ పంపాలి.

ప్రశ్న: మా సంఘం సభ్యులు ఆరు వేలకు పైగా ఉన్నారు. నెలకోసారి అందరికీ ప్రకటన పంపుతాం. కొంతసేపటికి 421 జవాబులు మొదలవుతున్నాయి.

జవాబు: రోజూ కొద్దిపాటి మెయిళ్లు పంపే ఐపీ నుంచి ఒక్కసారిగా వేలల్లో వస్తే అవతలివారు వేగం తగ్గించమనడం న్యాయమే. పోస్ట్‌ఫిక్స్ ఒకే గమ్యానికి ఏకకాలంలో 20 కనెక్షన్ల దాకా తెరవగలదు. ప్రకటనలకు విడి ట్రాన్స్‌పోర్ట్ (పంపే దారి) ఏర్పాటు చేసి, దానికి ఆ సంఖ్యను బాగా తగ్గించి, పంపకాన్ని కొన్ని గంటల మీద సాగదీయండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూలు పెద్దయెత్తున పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ, డీమార్క్ రికార్డూ, ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలూ తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో రోజుకు 5000 దాటితే పెద్దయెత్తు. ఆరు వేలమందీ జీమెయిల్ వాడరు కనుక మీరు ఆ గీతకు ఇవతలే ఉండవచ్చు. అయినా ఆ ఏర్పాట్లు ఇప్పుడే చేసుకోవడం మంచిది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్న నియమం కూడా ఉంది. మానుకునే లింకు దొరకనివారు నొక్కేది స్పామ్ బటనే. ప్రకటనలను వేరే సబ్‌డొమైన్ నుంచి పంపితే, వాటిపై వచ్చే ఫిర్యాదుల ప్రభావం మీ రోజువారీ ఉత్తరాల మీద తక్కువగా పడుతుంది.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, పంపే పని మాత్రం వేరే రిలే సంస్థకు అప్పగించి, పెట్టెలను మా దగ్గరే ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోవచ్చు. 25వ పోర్టు తెరవని చోట, పీటీఆర్ ఇవ్వని చోట, పీబీఎల్ శ్రేణిలోని ఇంటి కనెక్షన్ మీద నడిపేవారికి అదే సరైన ఏర్పాటు. ఇందులో ఓటమి ఏమీ లేదు. అయితే మీరు పంపే ప్రతి ఉత్తరమూ ఆ సంస్థ చేతుల మీదుగా వెళుతుంది. గోప్యత కోసమే సొంత సర్వర్ పెట్టుకున్నవారు ఆ ఒక్క సంగతీ ఆలోచించుకోవాలి. సాంకేతికంగా పని చిన్నదే. పోస్ట్‌ఫిక్స్‌లో ‘రిలేహోస్ట్’ దగ్గర వారి సర్వర్ పేరు, 587 పోర్టు రాసి, లాగిన్ వివరాలు ఇచ్చి, టీఎల్‌ఎస్ (దారిలో గుప్తీకరణ) తప్పనిసరి చేయండి. వారి ఇన్‌క్లూడ్‌ను మీ ప్రస్తుత ఎస్‌పీఎఫ్ రికార్డులోనే చేర్చండి, రెండో రికార్డు రాయవద్దు. ఎంఎక్స్ రికార్డులను కదపనక్కర్లేదు, వచ్చే మెయిల్ మీ సర్వర్‌కే వస్తుంది. ఆ సంస్థ డీకిమ్ సంతకాన్ని మీ డొమైన్ పేరుతో చేసేలా వారు అడిగిన డీఎన్‌ఎస్ రికార్డులు తప్పకుండా పెట్టండి. లేకపోతే వారి డొమైన్ పేరుతో పడిన సంతకం డీకిమ్ పరీక్షలో నెగ్గుతుంది గానీ, ఫ్రమ్‌లోని మీ డొమైన్‌తో పొంతన లేనందున డీమార్క్‌కు అక్కరకు రాదు.